యూరిక్ యాసిడ్ పెరిగితే పప్పు మానేయాలా? గౌట్‌లో తిండి పాత్ర ఎంత, బరువు పాత్ర ఎంత

తెలుగు ఇంట్లో ఎవరి రక్తపరీక్షలోనైనా యూరిక్ యాసిడ్ 8 అని వచ్చిందంటే వంటింట్లోంచి ముందుగా మాయమయ్యేది కందిపప్పు. దాని వెనకే టమాటా, పాలకూర, వంకాయ, గోంగూర, చిక్కుళ్లు. ఫోన్లలో చేతులు మారే నిషేధాల పట్టిక ఏటికేడు పొడవవుతూనే ఉంది. మా మేనమామ ఇలాగే నాలుగేళ్లు పప్పన్నానికి దూరంగా ఉన్నారు. సాంబారు వడ్డిస్తే పైతేట మాత్రమే పోసుకునేవారు. ఆ నాలుగేళ్లలో ఆయన 9 కిలోల బరువు పెరిగారు. కాలి బొటనవేలి నొప్పి మాత్రం ఏడాదికి మూడుసార్లు, చుట్టం వచ్చినట్టు వచ్చిపోతూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ ఆయన ముందు రోజు తిన్నవన్నీ గుర్తు తెచ్చుకుని, "ఈసారి ఏం తప్పు తిన్నాను?" అని తనను తానే నిలదీసుకునేవారు.

ఆ ప్రశ్నలోనే ఒక చిక్కు ఉంది. గౌట్‌కు, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో చేరడం వల్ల వచ్చే ఈ నొప్పి జబ్బుకు, తిండితో సంబంధం ఉన్న మాట నిజం. బరువుతో సంబంధం ఉన్న మాట ఇంకా నిజం. కానీ ఆ సంబంధాలు మనం అనుకునే చోట, అనుకునే పరిమాణంలో లేవు. అవి ఎక్కడ ఉన్నాయో చూడాలంటే ముందు కీలు లోపల ఏం జరుగుతోందో తెలియాలి.

కీళ్లలో గింజ కట్టే ఉప్పు

మన ప్రతి కణంలోనూ ప్యూరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. డీఎన్‌ఏలో అవి భాగం, కణాలకు శక్తినిచ్చే ఏటీపీలోనూ భాగం. పాత కణాలు పోయి కొత్తవి పుట్టే క్రమంలో ప్యూరిన్లు విరిగి, చివరికి యూరిక్ యాసిడ్‌గా మిగులుతాయి. మనం తినే మాంసం, చేప, గింజ, ఆకు కూడా కణాలతో కట్టినవే కాబట్టి వాటిలోని ప్యూరిన్లదీ అదే దారి. ఒంట్లోని యూరిక్ యాసిడ్‌లో సుమారు మూడింట రెండు వంతులు శరీరం తనంతట తాను తయారుచేసేది. తిండి వల్ల వచ్చేది మిగిలిన మూడో వంతు.

రక్తంలో అది యూరేట్ రూపంలో కరిగి తిరుగుతుంటుంది. శ్రీకాకుళం జిల్లా నౌపడ దగ్గర ఉప్పు మళ్లు చూసినవారికి ఆ తరువాతి సంగతి తేలిగ్గా అర్థమవుతుంది. మడిలోకి పారిన నీటిలో ఉప్పు ఉన్నా కంటికి కనిపించదు. ఎండకు నీరు ఇగిరి, ఉప్పు కరిగి ఉండగల హద్దు దాటినప్పుడే గింజ కడుతుంది. యూరేట్‌కు ఆ హద్దు డెసిలీటరు రక్తానికి సుమారు 6.8 మిల్లీగ్రాములు. అంతకు మించిన స్థితి నెలలు, సంవత్సరాలు సాగితే కీళ్లలో మోనోసోడియం యూరేట్ స్ఫటికాలు పేరుకోవచ్చు. ఇదీ రసాయన శాస్త్రం ప్రకారం ఒక ఉప్పే. చల్లని చోట హద్దు ఇంకా కిందికి దిగుతుంది. ఒంట్లో చల్లగా ఉండే భాగాల్లో పాదాలు ముందుంటాయి. గౌట్ తరచుగా బొటనవేలి మొదటి కీలులోనే మొదలవడానికి చెప్పే కారణాల్లో ఇది ఒకటి.

స్ఫటికాలు ఉండడం వేరు, నొప్పి రావడం వేరు. అవి కీలులో ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఉండగలవు. ఏదో ఒక రాత్రి రోగనిరోధక కణాలు వాటిని శత్రువుగా గుర్తించి మింగబోతాయి. అప్పుడు వాపు, ఎర్రదనం, మంట, దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేని నొప్పి. గుండెపోటు అన్నట్టే దీన్ని ఇక్కడ గౌట్ పోటు అందాం. అది కొన్ని రోజుల నుంచి రెండు వారాల లోపు తగ్గిపోతుంది. స్ఫటికాలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి.

పరీక్ష నివేదికలు చదివేటప్పుడు ఇక్కడే చాలామంది పొరబడతారు. యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉండడం అంటే గౌట్ ఉన్నట్టు కాదు. పలు దేశాల్లో ఏళ్ల తరబడి గమనించిన సమూహాల లెక్కలను కలిపి 2018లో చూస్తే, 6 లోపు ఉన్నవారిలో 15 ఏళ్లలో గౌట్ వచ్చింది నూటికి ఒకరికి. 10 లేదా అంతకు మించి ఉన్నవారిలో కూడా దాదాపు సగం మందికే వచ్చింది. అంత ఎక్కువ ఉన్నా మిగతా సగం మందికి రాలేదు. ఇంకో సంగతి: పోటు నడుస్తున్న రోజుల్లో కొందరికి రక్తంలో యూరేట్ తగ్గి మామూలుగా కనిపిస్తుంది. ఆ ఒక్క నివేదిక చూసి గౌట్ లేదని తేల్చుకోలేం.

చెరువు నిండింది వాగు వల్లనా, తూము మూసుకుపోవడం వల్లనా

చెరువులో నీటిమట్టం రెండింటి మీద ఆధారపడుతుంది. వాగు నుంచి ఎంత వస్తోంది, తూము నుంచి ఎంత పోతోంది. నిషేధాల పట్టికలన్నీ వాగు గురించే మాట్లాడతాయి. గౌట్ ఉన్నవారిలో దాదాపు 90 శాతం మందికి అసలు ఇబ్బంది తూము దగ్గర ఉంది. వాళ్ల ఒంట్లో యూరిక్ యాసిడ్ తయారీ అంత ఎక్కువేమీ కాదు, బయటికి పోవడమే తక్కువ.

ఆ తూము ముఖ్యంగా మూత్రపిండాలు. రోజూ పోయే యూరేట్‌లో మూడింట రెండు వంతులు వాటి ద్వారా, మిగిలింది పేగుల ద్వారా పోతుంది. మూత్రపిండాలు రక్తం నుంచి యూరేట్‌ను వడగట్టాక అందులో సుమారు 90 శాతాన్ని తిరిగి రక్తంలోకే తీసుకుంటాయి. ఆ పని చేసే ప్రొటీన్లు ఎంత చురుగ్గా ఉన్నాయన్నది చాలావరకు జన్యువులు నిర్ణయిస్తాయి. పేగుల్లోకి యూరేట్‌ను తోసే ఏబీసీజీ2 అనే ప్రొటీన్‌లో ఒక చిన్న మార్పు ఉన్నా గౌట్ ముప్పు పెరుగుతుంది. ఆసియా జనాభాల్లో ఆ మార్పు అరుదైనదేమీ కాదు.

ఇది మన జాతి మొత్తానికి వారసత్వంగా వచ్చిన ఇబ్బంది కూడా. చాలా క్షీరదాల్లో యూరిక్ యాసిడ్‌ను ఇంకా తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మన పూర్వీకుల్లో ఆ జన్యువు కోటిన్నర ఏళ్ల క్రితం ప్రాంతంలో పనిచేయడం మానేసింది. అందుకే మనిషి రక్తంలో యూరేట్ ఇతర క్షీరదాలతో పోలిస్తే చాలా ఎక్కువ, హద్దుకు చాలా దగ్గర.

తూమును మూసే బయటి కారణాలూ ఉన్నాయి. రక్తపోటుకు వాడే మూత్రం జారీ చేసే మాత్రల్లో కొన్ని, తక్కువ మోతాదు ఆస్పిరిన్, మూత్రపిండాల జబ్బు. స్త్రీలలో ఈస్ట్రోజన్ హార్మోను తూమును కాస్త తెరిచి ఉంచుతుంది. అందుకే ముట్లు ఆగిపోకముందు వారికి గౌట్ అరుదు, ఆ తరువాత అంత అరుదు కాదు.

కంచంలో ఉన్నదాని లెక్క

ఇప్పుడు వాగు దగ్గరికి వద్దాం. జపాన్‌లో ఆహార పదార్థాల ప్యూరిన్లను శ్రద్ధగా కొలిచారు. అక్కడి వైద్య మార్గదర్శకాలు గౌట్ ఉన్నవారికి రోజుకు 400 మిల్లీగ్రాముల లోపు అనే గీత కూడా గీశాయి. ఆ కొలతల ప్రకారం 100 గ్రాముల కోడి కాలేయంలో సుమారు 310 మిల్లీగ్రాములు, రొయ్యల్లో 190, కోడి రొమ్ము మాంసంలో 140. ఎండబెట్టిన చిన్న చేపల్లో 700 పైమాటే. మన నెత్తళ్ల వంటి ఎండుచేపలు ఈ కోవలోకే వస్తాయి. పాలకూరలో సుమారు 50, టమాటాలో 3, గుడ్డులో దాదాపు సున్నా.

పప్పు సంగతి విడిగా లెక్క వేసి చూద్దాం. ఒక మనిషి ఒక పూట తినే పప్పుకు 30 గ్రాముల ఎండు పప్పు పడుతుందనుకోండి. ఆ కొలతల్లో గింజలన్నిటిలోకీ ఎక్కువగా తేలిన సోయాలో 100 గ్రాములకు 170 మిల్లీగ్రాముల ప్యూరిన్లున్నాయి. మన పప్పులోనూ అంతే ఉందనుకున్నా ఒక పూటకు 50 మిల్లీగ్రాములు. అదే పూట 150 గ్రాముల కోడికూర తింటే 210. నాలుగు పూటల పప్పుతో అవి సమానం.

లెక్క అలా ఉంటే, మనుషుల మీద గమనించినది ఇంకా స్పష్టంగా ఉంది. అమెరికాలో 47,150 మంది మగవారి తిండిని 12 ఏళ్లు గమనించిన అధ్యయనం 2004లో వెలువడింది. ఆ కాలంలో 730 మందికి కొత్తగా గౌట్ వచ్చింది. అందరికంటే ఎక్కువ మాంసం తిన్న ఐదో వంతు మందికి, అందరికంటే తక్కువ తిన్నవారితో పోలిస్తే ముప్పు 41 శాతం ఎక్కువ. చేపలు, రొయ్యల వంటివాటికి 51 శాతం ఎక్కువ. పప్పులు, బఠాణీ, పాలకూర, పుట్టగొడుగుల వంటి ప్యూరిన్లున్న శాకాహారానికి ముప్పుతో ఏ సంబంధమూ కనిపించలేదు. పాల పదార్థాలు ఎక్కువ తీసుకున్నవారికైతే ముప్పు దాదాపు సగానికి తగ్గింది. వాళ్లు అమెరికావారు, మన తిండి వేరు అనే మాట న్యాయమైనదే. సింగపూర్‌లోని చైనీయులపై 2015లో వచ్చిన పెద్ద అధ్యయనంలోనూ కోడిమాంసం ముప్పు పెంచేదిగా తేలింది. సోయా, ఇతర పప్పుధాన్యాలు ఎక్కువ తిన్నవారికి మాత్రం గౌట్ కాస్త తక్కువగానే వచ్చింది.

నిషేధాల పట్టికల్లో టమాటా ఉంటుంది, పంచదార ఉండదు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. ఫ్రక్టోజ్ కాలేయంలోకి చేరగానే దాన్ని మార్చే పనికి ఏటీపీ పెద్ద ఎత్తున ఖర్చవుతుంది. గ్లూకోజ్‌కు ఉన్నటువంటి కళ్లెం ఫ్రక్టోజ్‌కు లేదు. అలా ఖర్చయిన ఏటీపీలోని ప్యూరిన్ భాగం విరిగి యూరిక్ యాసిడ్ అవుతుంది. అంటే ఫ్రక్టోజ్‌లో చుక్క ప్యూరిన్ లేకపోయినా, శరీరం తన సొంత ప్యూరిన్లను విరగ్గొట్టుకునేలా అది చేస్తుంది. 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములకు పైగా చక్కెర ఉన్న కూల్‌డ్రింకు 300 మిల్లీలీటర్లు తాగితే 15 గ్రాముల ఫ్రక్టోజ్ ఒక్కసారిగా కాలేయానికి చేరినట్టు. 2008లో వెలువడిన అధ్యయనంలో రోజుకు రెండు, అంతకు మించి చక్కెర పానీయాలు తాగే మగవారికి గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువగా కనిపించింది. చక్కెర లేని డైట్ పానీయాలకు ఆ సంబంధం కనిపించలేదు. తేనెలోనూ ఫ్రక్టోజ్ బాగానే ఉంటుంది. నిమ్మరసంలో తేనె కలుపుకుంటే యూరిక్ యాసిడ్ కరిగిపోతుందనే చిట్కాకు ఈ విషయం ఎదురొస్తుంది.

మద్యంలో బీరుది పైచేయి. రోజుకు రెండు, అంతకు మించి బీర్లు తాగేవారికి ముప్పు రెండున్నర రెట్లు, విస్కీ వంటివాటికి 1.6 రెట్లు. వైను ఒక మోస్తరుగా తాగినవారిలో ఆ పెరుగుదల కనబడలేదు. బీరు రెండు వైపులా పనిచేస్తుంది. అందులో ప్యూరిన్లు ఉన్నాయి, కాబట్టి వాగు పెరుగుతుంది. ఆల్కహాలు విరిగేటప్పుడు పుట్టే లాక్టిక్ యాసిడ్ మూత్రపిండాల్లో యూరేట్‌ను ఆపుతుంది, కాబట్టి తూమూ మూసుకుంటుంది.

ఇంతా చేసి, ప్యూరిన్లు బాగా తగ్గించిన కఠినమైన పథ్యంతో రక్తంలో యూరిక్ యాసిడ్ ఎంత తగ్గుతుంది? సుమారు 1 మిల్లీగ్రాము. ఈ సంఖ్యతో మళ్లీ పని ఉంది.

బరువు తూమును ఎలా మూస్తుంది

చాలామంది బరువును మోకాళ్ల మీద పడే భారంగా మాత్రమే ఊహిస్తారు. గౌట్‌లో అది పనిచేసే తీరు వేరు. పొట్ట చుట్టూ కొవ్వు పెరిగిన కొద్దీ శరీరం ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తుంది. దాన్ని సరిదిద్దడానికి క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను వదులుతుంది. కండరాలు మాట వినకపోయినా మూత్రపిండాలు వింటూనే ఉంటాయి. ఇన్సులిన్ పెరిగితే అవి సోడియంను, దానితోపాటు యూరేట్‌ను ఇంకా ఎక్కువగా వెనక్కి లాక్కుంటాయి. తూము కొద్దికొద్దిగా మూసుకుపోతుంది. మధుమేహం, రక్తపోటు, కాలేయంలో కొవ్వు, గౌట్ ఒకే మనిషిలో జట్టుగా కనిపించడానికి ఈ దారే ముఖ్య కారణం.

దీని పరిమాణం చూడాలంటే బీఎంఐ కావాలి. బరువును కిలోల్లో తీసుకుని, మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. పైన చెప్పిన అమెరికా సమూహంలోనే 21 నుంచి 23 మధ్య ఉన్నవారిని కొలబద్దగా తీసుకుంటే, 25 నుంచి 30 మధ్య ఉన్నవారికి గౌట్ ముప్పు దాదాపు రెండింతలు. 30 దాటితే 2.3 రెట్లు, 35 దాటితే మూడింతలు. మాంసానికి కనిపించిన 41 శాతం పెరుగుదలతో దీన్ని పక్కపక్కన పెట్టి చూడండి. అదే సమూహంలో 4.5 కిలోలు, అంతకు మించి తగ్గినవారికి ముప్పు 39 శాతం తక్కువగా ఉంది.

మనకు ఇక్కడ ఒక మెలిక ఉంది. భారతీయులకు ఒకే బీఎంఐ దగ్గర యూరప్ వారికంటే పొట్టకొవ్వు ఎక్కువ. అందుకే మన వైద్య నిపుణులు 2009లో 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అనే హద్దులు పెట్టారు. మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే ముప్పుగా లెక్కిస్తారు. "నేను లావు కాదు, పొట్ట మాత్రమే ఉంది" అనే మాట మన ఇళ్లలో తరచు వినిపిస్తుంది. తూము విషయానికి వస్తే ఆ పొట్టే అసలు సంగతి.

బరువు తగ్గితే ఏమవుతుందో దక్షిణాఫ్రికాలో చేసిన ఒక చిన్న పరిశీలన చూపించింది. 2000లో వెలువడింది. గౌట్ ఉన్న 13 మంది మగవారికి 16 వారాలపాటు రోజుకు 1,600 కేలరీల ఆహారం ఇచ్చారు. అందులో పిండిపదార్థం తగ్గించారు, ప్రొటీన్ పెంచారు. అప్పటి పథ్యపు సూత్రాలకు ఇది పూర్తిగా ఎదురు. సగటున 7.7 కిలోలు తగ్గారు. యూరిక్ యాసిడ్ 9.6 నుంచి 7.9కి దిగింది. పోట్లు నెలకు 2.1 నుంచి 0.6కి తగ్గాయి. పదమూడు మందే, పోల్చడానికి మరో జట్టు లేదు. కాబట్టి దీన్ని గట్టి రుజువు అనలేం. కానీ ప్రొటీన్ పెరిగినా యూరిక్ యాసిడ్ తగ్గిందంటే, ఇన్సులిన్ దారి కాగితం మీది ఊహ కాదని తెలుస్తుంది. స్వీడన్‌లో బరువు తగ్గే శస్త్రచికిత్స చేయించుకున్నవారిని, చేయించుకోని అలాంటివారితో పోల్చి ఏళ్ల తరబడి చూసినప్పుడు కొత్తగా గౌట్ రావడం 40 శాతం తక్కువగా తేలింది.

వేగంగా తగ్గినప్పుడు ఎదురు తిరిగే లెక్క

ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఉపవాసం చేసినా, పిండిపదార్థం దాదాపు మానేసినా శరీరం కొవ్వును కరిగించి కీటోన్లను తయారుచేస్తుంది. మూత్రపిండాల్లో కీటోన్లు యూరేట్ పోవాల్సిన దారినే అడ్డుకుంటాయి. దాంతో తొలి రోజుల్లో, వారాల్లో యూరిక్ యాసిడ్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. నీరు తక్కువ తాగితే ఇంకా పెరుగుతుంది. కొన్నేళ్ల క్రితం తెలుగు రాష్ట్రాల్లో కొవ్వు ఎక్కువగా, పిండిపదార్థం అతి తక్కువగా ఉండే ఆహారపద్ధతి ఊరూరా ప్రచారంలోకి వచ్చింది. అలాంటి పద్ధతి మొదలుపెట్టిన కొత్తల్లో యూరిక్ యాసిడ్ పెరిగిందంటే దానికి తిన్న పదార్థాల కంటే కీటోన్లే దగ్గరి కారణం. బరువు తగ్గే శస్త్రచికిత్స తరువాత కూడా మొదటి నెలలో పోట్లు ఎక్కువై, ఏడాది గడిచేసరికి తగ్గుతాయి. ఒకే పని మొదట హాని చేసినట్టు కనిపించి, తరువాత మేలు చేస్తుంది. మధ్యలో మానేసినవారికి గుర్తుండేది హాని మాత్రమే.

ఒక శాతమా, నలభై నాలుగు శాతమా

2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన పరిశోధన ఈ చర్చను కుదిపేసింది. యూరప్ మూలాలున్న 16,760 మంది అమెరికన్లలో, మనిషికీ మనిషికీ యూరిక్ యాసిడ్‌లో ఉన్న తేడాలకు కారణమేమిటని వెతికారు. ఏ ఒక్క ఆహార పదార్థమూ ఆ తేడాల్లో 1 శాతం మించి వివరించలేదు. మొత్తం ఆహారపు నాణ్యతను లెక్కేసినా 0.3 శాతమే. జన్యువులు మాత్రం దాదాపు 24 శాతాన్ని వివరించాయి. గౌట్‌కు తిండి కారణం కాదు, జన్యువులే కారణమని పత్రికలు రాశాయి.

రెండేళ్ల తరువాత 14,624 మంది అమెరికన్ల లెక్కలతో మరో బృందం జవాబిచ్చింది. జనాభాలో యూరిక్ యాసిడ్ పెరిగిన కేసుల్లో 44 శాతాన్ని అధిక బరువుకే ఆపాదించవచ్చని, తిండి తీరుకు 9 శాతం, మద్యానికి 8 శాతం, మూత్రం జారీ చేసే మాత్రలకు 12 శాతం అని తేల్చింది. విచిత్రంగా, మొదటి బృందం కొలత ప్రకారమే చూస్తే మనిషికీ మనిషికీ ఉన్న తేడాల్లో బరువు 9 శాతాన్నే వివరించింది, తిండి తీరు 0.1 శాతాన్ని.

ఇద్దరూ నిజమే చెప్పారు. వాళ్లు అడిగిన ప్రశ్నలు వేరు. ఒక హాస్టల్‌లో మూడు వందల మంది పిల్లలున్నారనుకోండి. అందరూ ఒకే మెస్‌లో ఒకే కూర, ఒకే పప్పు, ఒకే కూల్‌డ్రింకు తీసుకుంటారు. వాళ్ల యూరిక్ యాసిడ్ కొలిస్తే ఒకరికి 5, ఒకరికి 8 రావచ్చు. ఆ తేడాకు తిండి కారణం కాలేదు, ఎందుకంటే అందరి తిండీ ఒకటే. తేడా అంతా జన్యువులదేనని తేలుతుంది. అంతమాత్రాన రేపు మెస్‌లో కూల్‌డ్రింకు ఆపేస్తే అందరి సగటూ తగ్గదని చెప్పగలమా? ఒకరికీ ఇంకొకరికీ తేడా ఎందుకని మొదటి బృందం అడిగింది. ఈ కారణం లేకపోయి ఉంటే ఎంతమంది తప్పించుకునేవారని రెండో బృందం అడిగింది.

రెండో లెక్కకూ ఒక బలహీనత ఉంది. బరువు యూరిక్ యాసిడ్‌ను పెంచుతుందని ముందే ఒప్పుకుంటేనే 44 అనే సంఖ్య నిలుస్తుంది. బరువు పెంచే జన్యువులతో పుట్టినవారికి గౌట్ ఎక్కువని వేరే అధ్యయనాలు చూపాయి కాబట్టి ఆ ఒప్పుకోలు సబబే అనిపిస్తుంది. నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన తేడా మరొకటి ఉంది. జనాభాలో జబ్బు రాకుండా ఆపే అంశం, జబ్బు వచ్చిన మనిషిని నయం చేసే అంశం ఒకటే కానక్కర్లేదు. స్ఫటికాలు పేరుకోకముందు పదేళ్ల క్రితం తగ్గిన ఐదు కిలోలు, స్ఫటికాలు నిండిన తరువాత తగ్గిన ఐదు కిలోలు ఒకే పని చేయవు.

గడ్డివాము, నిప్పురవ్వ

"విందు తిన్న మర్నాడే నాకు వస్తుంది, మీ లెక్కలు ఏమైనా చెప్పనీ" అనేవారి మాట కూడా అబద్ధం కాదు. న్యూజిలాండ్‌లో గౌట్ ఉన్న 2,051 మందిని అడిగితే 71 శాతం మంది ఏదో ఒక ఆహారం పోటు తెస్తుందన్నారు. ప్యూరిన్ దాదాపు లేని టమాటాను కూడా అలా అన్నవారిలో ఐదుగురికి ఒకరు పేర్కొన్నారు. అమెరికాలో 633 మంది గౌట్ రోగుల్లో పోటుకు ముందు రెండు రోజుల తిండిని, పోటు లేని రోజుల తిండితో పోల్చి 2012లో చూశారు. ప్యూరిన్లు బాగా ఎక్కువైన రెండు రోజుల తరువాత పోటు వచ్చే అవకాశం దాదాపు ఐదు రెట్లు. ఆ ప్యూరిన్లు మొక్కల నుంచి వచ్చినవైతే పెరుగుదల 1.4 రెట్లే.

ఇది పైన చెప్పినదానికి విరుద్ధం కాదు. గడ్డివాము ఎండి ఉంటేనే నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఏళ్ల తరబడి పేరుకున్న స్ఫటికాలు గడ్డివాము. పెళ్లి భోజనంలో మాంసం, రెండు బీర్లు, ఎండలో నీళ్లు తాగకుండా చేసిన ప్రయాణం, కాలికి తగిలిన దెబ్బ నిప్పురవ్వలు. మనిషికి కనిపించేది రవ్వ, గుర్తుండేదీ అదే. దాంతో రవ్వనే కారణమంటాడు.

9.2 ఉన్న మనిషి లెక్క

ఊహించుకోవడానికి ఒక మనిషిని తీసుకుందాం. వయసు 48, ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. బీఎంఐ సుమారు 29.8. యూరిక్ యాసిడ్ 9.2. ఏడాదిలో మూడు పోట్లు. గౌట్ చికిత్సలో సాధారణంగా పెట్టుకునే లక్ష్యం 6 లోపు. హద్దు కంటే అంత కిందికి తెస్తే పాత స్ఫటికాలు కూడా కరగడం మొదలవుతుంది.

కఠినమైన పథ్యం మాత్రమే పాటిస్తే 1 తగ్గి 8.2. అంటే హద్దుకు పైనే, కొత్త స్ఫటికాలు చేరుతూనే ఉంటాయి. పథ్యం పక్కనపెట్టి నెమ్మదిగా 8 కిలోలు తగ్గితే, దక్షిణాఫ్రికా పరిశీలనలో తేలిన సగటు లెక్క ప్రకారం 1.7 తగ్గి 7.5. రెండూ ఎంత బాగా కుదిరినా 6.5 దాకా రావచ్చు. హద్దు దాటడం ఆగుతుంది, కానీ లక్ష్యం ఇంకా చేతికి అందదు. అల్లోప్యురినాల్ వంటి మందు యూరిక్ యాసిడ్ తయారీనే తగ్గిస్తుంది కాబట్టి, వైద్యుడు మోతాదును క్రమంగా పెంచుతూ పోతే 9.2ను 6 లోపుకు తేగలదు. అదే మనిషి రక్తపోటుకు వాడుతున్న మాత్ర తూమును మూసే రకమైతే, ఆ ఒక్క మార్పు కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ మనిషికి మొదట్లో 7.3 మాత్రమే ఉండి, స్ఫటికాలు ఇంకా పెద్దగా పేరుకోలేదనుకోండి. అదే 8 కిలోలు అతన్ని 6 దరికి తీసుకురాగలవు. ఒకే పని ఒకరికి చాలా ఎక్కువ, మరొకరికి చాలా తక్కువ అవుతుంది. గౌట్ గురించి ఒకరి అనుభవం ఇంకొకరికి చెబితే కుదరకపోవడానికి ఇదే కారణం. పైగా బరువు తగ్గడం వల్ల వచ్చే లాభం యూరిక్ యాసిడ్‌తో ఆగదు. ఈ మనిషికి అసలు ప్రాణభయం గుండె, రక్తనాళాల నుంచి ఉంటుంది, బొటనవేలి నుంచి కాదు.

సిగ్గు తెచ్చిపెట్టే నష్టం

ఈ జబ్బుకు పాత పేర్లలోనే ఒక నింద ఉంది. ఇంగ్లండులో దీన్ని రాజుల జబ్బు అన్నారు. మన ఆయుర్వేదంలో గౌట్‌ను పోలిన వాతరక్తానికి చరకసంహిత చెప్పిన మరో పేరు ఆఢ్యవాతం, అంటే సంపన్నుల వాతం. తిని కూర్చున్నవాడికి వచ్చేదన్న భావం రెండింటిలోనూ ఉంది. ఆ ఇంగ్లండు ప్రభువుల కథలోనూ ఒక మలుపు ఉంది. 18వ శతాబ్దంలో వాళ్లు తాగిన వైనుల్లో సీసం కలిసి ఉండేదని, అది మూత్రపిండాలను దెబ్బతీసి గౌట్ తెచ్చిందని కొందరు వైద్య చరిత్రకారులు చెబుతారు. అదే నిజమైతే, విందు జబ్బుకు పాతకాలపు పెద్ద ఉదాహరణ అనుకున్నది కూడా కొంతవరకు తూము జబ్బే.

ఆ నింద ఇప్పటికీ మనుషులను వైద్యుడి దగ్గరికి పోనివ్వడం లేదు. నోరు కట్టుకోలేకపోయాను కాబట్టి నొప్పి వచ్చింది, ఇంకాస్త కట్టుకుంటే పోతుంది అనుకునేవాడు మందు అడగడు. వైద్యుడు రాసినా, పోటు తగ్గగానే ఆపేస్తాడు. మా మామయ్య చేసింది అదే. తండ్రికీ ఇదే జబ్బు ఉండేదని, అయిన ఆలస్యమంతా అయ్యాక ఒక రోజు మాటల్లో చెప్పారు. ఆ మాట అప్పటిదాకా ఏ వైద్యుడికీ చెప్పలేదు. వాళ్లూ అడిగినట్టు లేదు. నాలుగేళ్లూ పప్పు మీదే నింద మోపారు.

ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 517 మంది గౌట్ రోగులతో చేసిన పరీక్ష ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. సగం మందికి మామూలు వైద్యం. మిగతా సగాన్ని శిక్షణ పొందిన నర్సులు చూశారు. నర్సులు వాళ్లను కూర్చోబెట్టి జబ్బు అంటే ఏమిటో చెప్పారు, దాని గురించి వాళ్లేమనుకుంటున్నారో అడిగి విన్నారు, తరువాత మందు మోతాదును మెల్లగా పెంచుకుంటూ పోయారు. రెండేళ్లకు మామూలు వైద్యంలో ఉన్నవారిలో 30 శాతం మంది యూరిక్ యాసిడ్ లక్ష్యాన్ని చేరుకున్నారు. నర్సులు చూసినవారిలో 95 శాతం మంది.